వారానికి వంద లీటర్లు

డాలస్ పక్కన ప్లేనోలో ఒక తెలుగు ఇంటి హాల్లో ఎనిమిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న గాజు తొట్టె ఉంది. అక్కడివాళ్ళ కొలతలో 240 గ్యాలన్లు. కింద అరలోని సంప్‌ని కలిపి, లోపలి రాళ్ళు ఆక్రమించిన చోటు తీసేస్తే నీళ్ళు సుమారు 1,000 లీటర్లు. ఉప్పునీళ్ళు. అందులో పగడాలు పెరుగుతున్నాయి, వాటి మధ్య చేపలు తిరుగుతున్నాయి.

తొట్టె అల్లుడిది. మామగారు భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసినవారు. టైగర్ రొయ్యల రోజులు, తెల్లమచ్చ తెగులు రోజులు, వనామీ రొయ్యల రోజులు మూడూ చూశారు. ఆరు నెలల గడువు మీద కూతురింటికి వచ్చారు. పగలంతా ఇంట్లో ఉండేది ఆయనొక్కరే కాబట్టి తొట్టె ముందు కుర్చీ ఆయనదైపోయింది. సంక్రాంతికి అందరూ కలిసి ఇండియా వెళుతున్నారు. ఆయన అక్కడే ఉండిపోతారు, మిగతావాళ్ళు మూడు వారాలకి తిరిగొస్తారు. ఆ లోపు తొట్టెకి ఒక పద్ధతి రాసిపెట్టుకోవాలని ఇద్దరూ కూర్చున్నారు. రైతు "నీళ్ళు మార్చాలి" అంటాడనీ, సాఫ్ట్‌వేర్ అల్లుడు "మిషన్లున్నాయి, అక్కర్లేదు" అంటాడనీ నేననుకున్నాను. జరిగింది తిరగేసి. మధ్యలో బ్రాకెట్లలో ఉన్నవి నా మాటలు.

అల్లుడు: మామయ్య గారూ, వారానికి పది శాతం. అంటే 100 లీటర్లు. ఆదివారం పొద్దున్నే తీసేయడం, కలిపిపెట్టిన కొత్త నీళ్ళు పోసేయడం. ఇందులో ఆలోచించడానికేం లేదండీ.

మామగారు: ఎందుకండీ?

అల్లుడు: మేత వేస్తున్నాం కదా, నైట్రేట్ పెరుగుతుంది.

మామగారు: వారానికెంత?

అల్లుడు: మురికిని నురగగా తీసే స్కిమ్మర్ నడుస్తున్నా నాలుగు పీపీఎం దాకా పెరుగుతోంది.

మామగారు: అయితే లెక్క చూడండి అల్లుడు గారూ. వారానికి నాలుగు చేరుతుంది, మీరు ఉన్నదాంట్లో పదోవంతు తీస్తారు. మరి ఎక్కడ ఆగుతుంది? ఉన్నదాంట్లో పదోవంతు నాలుగయ్యే చోట ఆగుతుంది. అంటే 40 దగ్గర. అక్కడిదాకా మీరెన్ని ఆదివారాలు మార్చినా ఎక్కుతూనే ఉంటుంది. వారానికి 200 లీటర్లు మారిస్తే 20 దగ్గర ఆగుతుంది. ఎనిమిదికి దించాలంటే ప్రతి వారం సగం తొట్టె మార్చాలి. మారుస్తారా?

అల్లుడు: సగం మార్చకూడదండీ. ఈ ఉప్పు కలిపితే ఆల్కలినిటీ 11, 12 డీకేహెచ్ వస్తుంది. తొట్టెలో ఉన్నది ఎనిమిది. వంద లీటర్లు పోస్తే తేడా 0.3, 0.4. పగడాలు పట్టించుకోవు. సగం పోస్తే ఒక్కసారిగా రెండు పెరుగుతుంది, అక్రొపొరా పగడాల కొసలు తెల్లగా మాడిపోతాయి.

మామగారు: అదే నేననేది. మురికిని నీళ్ళతో గెలవలేం. ఫాస్ఫేట్ సంగతి ఇంకా ఘోరం. అది రాళ్ళని పట్టుకుని ఉంటుంది. మీరు నీళ్ళలోది తీసేస్తే రాయి మళ్ళీ వదులుతుంది. మా చెరువుల్లో నత్రజని ఎక్కువైతే బెల్లం, తవుడు, ఈస్టు పులియబెట్టి పోస్తాం. బాక్టీరియా ఆ తీపి తిని పెరుగుతూ నత్రజనిని తనలో కలిపేసుకుంటుంది.

అల్లుడు: ఇక్కడా ఆ పద్ధతి ఉందండీ. బెల్లం బదులు వెనిగరో, వోడ్కానో పోస్తారు. పెరిగిన బాక్టీరియాని స్కిమ్మర్ నురగలో లాగేస్తుంది.

మామగారు: వోడ్కా చేపలకా!

అల్లుడు: బాక్టీరియాకండీ. రోజుకి కొన్ని మిల్లీలీటర్లు.

మామగారు: డోసు మించితే తెల్లారేసరికి ఆక్సిజన్ పడిపోతుంది, అది మాత్రం నాకు బాగా తెలుసు. కాబట్టి వెనిగర్ కంటే ముందు సంప్‌లో నాచు పెంచండి, దీపం పెట్టి. నెలకోసారి గుప్పెళ్ళతో తీసి పారేయండి. నాచు పట్టుకున్న నత్రజని అంతా బయటికి పోయినట్టే. అయితే నైట్రేట్ సున్నా చేయకండి.

అల్లుడు: చేయనండీ. సున్నా అయితే డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవులు వచ్చి గోధుమరంగు జిగురు కప్పేస్తుంది. ఐదు, పది మధ్య ఉంటే చాలు.

(గోదావరి జిల్లాల్లో అల్లుడితో దెబ్బలాడాలన్నా "గారూ" అంటూనే దెబ్బలాడాలి. వీళ్ళ గొంతులు లేచినకొద్దీ మర్యాద కూడా పెరిగింది.)

మామగారు: ఇంకొకటి. 1994-95లో తెల్లమచ్చ వచ్చినప్పుడు మేమంతా రోజూ నీళ్ళు మార్చేవాళ్ళమే. పెద్ద పైపులేసి కాలవలోంచి తోడడం, పాత నీళ్ళు మళ్ళీ ఆ కాలవలోకే వదలడం. పై చెరువువాడు వదిలిన వైరస్‌ని కింది చెరువువాడు డీజిల్ ఖర్చుపెట్టి తోడుకున్నాడు. ఆ దెబ్బతోనే నీటి మార్పిడి తగ్గించాం. ముందు రిజర్వాయర్‌లో పెట్టి, బ్లీచింగ్ చేసి, అవసరమైనంతే పెట్టడం నేర్చుకున్నాం. నీళ్ళు మార్చడమంటే కొత్త సమస్యకి తలుపు తీయడమే.

అల్లుడు: ఆ మాట ఇక్కడ చెల్లదండీ. ఇది కాలవ నీళ్ళు కాదు. కుళాయి నీటిని ఆర్‌ఓలో వడగట్టి, రెజిన్‌లోంచి పంపి, టీడీఎస్ సున్నా చూపించాక ఉప్పు కలుపుతున్నా. ఏ వైరస్ వస్తుంది? ఇక్కడ చేపలకొచ్చే తెల్లమచ్చలు వైరస్ కూడా కాదు, క్రిప్టోకారియన్ అనే పరాన్నజీవి. అది కొత్త చేపతోనో, కొత్త పగడం అంటుకున్న రాయితోనో వస్తుంది. దానికి విరుగుడు కొత్తదేదైనా ముందు వేరే తొట్టెలో ఉంచడమే.

మామగారు: సరే, ఇది ఒప్పుకుంటాను. కానీ ఆ కుళాయి నీళ్ళ సంగతి మీరనుకున్నంత నిక్కచ్చిగా లేదు. ఈ ప్రాంతానికి నీళ్ళిచ్చే నార్త్ టెక్సస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ ఏడాదిలో చాలాభాగం క్లోరమైన్ వాడుతుంది, మార్చిలో కొన్నాళ్ళు వట్టి క్లోరిన్‌కి మారుతుంది. పేపర్లో మీరే చూపించారు.

అల్లుడు: అందుకే ఫిబ్రవరిలో కార్బన్ ఫిల్టర్ మార్చాలని రాసుకున్నా. క్లోరమైన్ కార్బన్‌కి అంత తేలిగ్గా లొంగదు. విరిగితే అమ్మోనియా మిగులుతుంది, దాన్ని రెజిన్ పట్టాలి. రెజిన్ రంగు మారగానే మార్చేయాలి.

మామగారు: వంద లీటర్ల మంచినీరు తీయడానికి మీ ఆర్‌ఓ మూడొందల లీటర్లు పారబోస్తుంది. వంద లీటర్లకి 3.8 కిలోల ఉప్పు. ఏడాదికి 200 కిలోలు. మనిషి బరువుకి మూడింతల ఉప్పు కొని, కలిపి, కాలవలో పోస్తున్నారు. నైట్రేట్ దిగలేదు. ఇక ఏం సాధించారు?

అల్లుడు: కాల్షియం, ఆల్కలినిటీ...

మామగారు: వాటి లెక్కా చూద్దాం. పగడాలు రోజుకెంత లాగుతున్నాయి?

అల్లుడు: ఆల్కలినిటీ రోజుకి ఒక డీకేహెచ్. దానికి సరిపడా కాల్షియం ఏడు పీపీఎం.

మామగారు: అంటే వారానికి ఏడు డీకేహెచ్. మీ వంద లీటర్లు తెచ్చేది 0.3. ఏనుగుకి అరటిపండు పెట్టినట్టు.

అల్లుడు: అది నిజమే. అందుకే విడిగా పోస్తున్నా కదండీ. రోజుకి 30 గ్రాముల వంటసోడా ఒక సీసాలోంచి, దానికి సరిపడా కాల్షియం క్లోరైడ్ ఇంకో సీసాలోంచి.

(ఇక్కడ మామగారు కాగితం తీసుకుని లెక్కగట్టారు. ఒక డీకేహెచ్ అంటే లీటరుకి దాదాపు 18 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేట్. వెయ్యి లీటర్లకి రోజుకి 18 గ్రాములు, ఏడాదికి ఆరున్నర కిలోలు. ఈ తొట్టెలో ఏటా ఆరున్నర కిలోల రాయి పుడుతోందన్నమాట. హాల్లో కూర్చున్నవాళ్ళకి అది కనబడదు. టెస్ట్ కిట్టులో రంగు మారడం ఒక్కటే కనబడుతుంది.)

మామగారు: మురికి తీయడానికి పనికిరాలేదు, మేత పెట్టడానికి పనికిరాలేదు. ఇక నీళ్ళెందుకు మార్చాలి అల్లుడు గారూ?

అల్లుడు: మీ లెక్కతోనే చెబుతా వినండి. నేను రోజూ పోసే సోడాలో సోడియం ఉంది, కాల్షియం క్లోరైడ్‌లో క్లోరిన్ ఉంది. పగడం కాల్షియం తీసుకుంటుంది, కార్బొనేట్ తీసుకుంటుంది. మిగిలిన సోడియం, క్లోరిన్ ఏమైనట్టు?

మామగారు: ఉప్పు.

అల్లుడు: రోజుకి 21 గ్రాముల మామూలు ఉప్పు. ఏడాదికి ఏడున్నర కిలోలు, వెయ్యి లీటర్లలో. నేను చూస్తూ ఊరుకుంటే సెలినిటీ 35 నుంచి 42 దాటుతుంది. ఊరుకోను, కొంచెం ఉప్పునీరు తీసి మంచినీరు పోస్తాను. మీటరు మళ్ళీ 35 చూపిస్తుంది. కానీ అది సముద్రం 35 కాదు. అందులో మామూలు ఉప్పు వాటా పెరిగిపోయి, మెగ్నీషియం, పొటాషియం, సల్ఫేట్ ఆరో వంతుకి పైనే తగ్గిపోతాయి. అదే వారానికి వంద లీటర్లు మారిస్తే? వారానికి చేరేది 146 గ్రాములు. తీసేది పదోవంతు. మీ పద్ధతిలోనే లెక్కకట్టండి, ఎక్కడ ఆగుతుంది?

మామగారు: లీటరుకి ఒకటిన్నర గ్రాము దగ్గర.

అల్లుడు: అక్కడ ఆగిపోతుంది, ఏడున్నర దాకా పోదు. నైట్రేట్ 40 దగ్గర ఆగితే మనకి కష్టం, ఇది ఒకటిన్నర దగ్గర ఆగితే మనకి చాలు.

(నా మటుకు నాకు మొత్తం వాదనలో కీలకం ఇదే. నీళ్ళు మార్చడం మంచిదా కాదా అన్న ప్రశ్నకి జవాబు లేదు. దేన్ని తగ్గించడానికి, అది వారానికెంత చేరుతోంది, ఎక్కడ ఆగితే మనకి చాలు అని అడిగితే ఉంది. నెమ్మదిగా చేరేవాటికి చిన్న మార్పిడి చాలు; వేగంగా చేరేవాటికి ఎంత పెద్ద మార్పిడీ చాలదు.)

మామగారు కాసేపు సంప్ దగ్గర ఆవిరైన నీటి గుర్తు చూసి వచ్చారు.

మామగారు: రోజుకి ఎంత ఆవిరవుతోంది?

అల్లుడు: పది లీటర్లు. ఆటో టాప్-అప్ మంచినీళ్ళు పోస్తుంది. ఉప్పు ఆవిరి కాదు కదా.

మామగారు: ఆ పది లీటర్ల మంచినీళ్ళలో సున్నం కలపండి.

అల్లుడు: ఏమిటీ?

మామగారు: సున్నపు తేట. లీటరుకి గ్రామున్నర కరుగుతుంది, అంతకంటే కరగదు. పది లీటర్లకి 15 గ్రాములు. సున్నంలో కాల్షియం ఉంది, ఆల్కలినిటీ ఉంది, సోడియం లేదు, క్లోరిన్ లేదు. ఉప్పు మిగలదు.

అల్లుడు: (ఫోన్‌లో లెక్కవేసి) రోజుకి 1.1 డీకేహెచ్ వస్తుంది. నాకు కావలసింది ఒకటి. ఇది నాకు తెలియనిది కాదండీ, పీటర్ విల్కెన్స్ అనే ఆయన 1970లలోనే మొదలుపెట్టిన పద్ధతి. కానీ భయం. సున్నపు నీటి పీహెచ్ 12కి పైన. టాప్-అప్ ఫ్లోట్ ఒక్క రాత్రి ఇరుక్కుందనుకోండి, 70 లీటర్ల డ్రమ్ములో ఉన్నదంతా పడితే ఆల్కలినిటీ ఎనిమిది పెరుగుతుంది. తెల్లారేసరికి నీళ్ళు పాలల్లే ఉంటాయి, బతికేది ఉండదు.

మామగారు: డ్రమ్ములో ఎవరు కలపమన్నారు? పది లీటర్ల క్యాన్‌లో రోజు సున్నం రోజే. అంతా ఒకేసారి పడినా 1.1 పెరుగుతుంది, చావదు. అదీ పగలు కాదు, రాత్రి కొంచెం కొంచెంగా. రాత్రి పీహెచ్ దిగుతుంది, సున్నం ఎత్తిపడుతుంది. మేమూ చెరువుకి సున్నం చీకటి పడ్డాకే కొడతాం. సున్నం మాత్రం గోడలకేసేది కాదు, తినేరకం.

అల్లుడు: ఇక్కడ దోసకాయ ఊరగాయల కోసం అమ్ముతారు, అది శుభ్రంగా ఉంటుంది. సరే, సున్నం పెడదాం. అయినా నీళ్ళు మార్చడం మాననండీ. తెలియనివి ఉంటాయి. పోయినేడు గాజు తుడిచే మాగ్నెట్ పగిలి లోపల తుప్పుపట్టింది. పగడాలు ముడుచుకుపోయేదాకా తెలియలేదు.

మామగారు: పది శాతం చొప్పున పదిసార్లు మార్చినా ఆ తుప్పులో మూడో వంతు పైనే తొట్టెలో ఉంటుంది. దానికి కార్బన్, లోహాలు పట్టే రెజిన్ పెట్టాలి. ల్యాబ్‌కి నీళ్ళు పంపితే ఏ లోహం ఎంతుందో చెబుతారు.

అల్లుడు: ల్యాబ్ లోహాలు చెబుతుంది. మెత్తటి పగడాలు పక్కవాటిని తరమడానికి వదిలే విషాలు చెప్పదు. పైగా నీళ్ళు మార్చే రోజునే నేను చెయ్యి లోపల పెడతాను, రాళ్ళ సందుల్లో మడ్డి పీలుస్తాను, పంపులు తడిమి చూస్తాను. ఆ గంట లేకపోతే ఏదీ చూడను.

మామగారు: అడుగు మడ్డి తీయడం చెరువులో కూడా తప్పదు, దానికి అడ్డు చెప్పను. కానీ పీల్చిన నీళ్ళని గుడ్డసంచిలో వడగట్టి మళ్ళీ అందులోనే వదలొచ్చు. ఆ గంట మీదే, నీళ్ళు మాత్రం మిగులుతాయి.

అల్లుడు: హోనొలులులో వైకీకీ అక్వేరియం 1904 నుంచి ఉంది. అక్కడ తొట్టెల్లోంచి సముద్రపు నీళ్ళు ఆగకుండా పారుతూనే ఉంటాయి. అంతకంటే నీటి మార్పిడి ఏముంటుంది? అక్కడ పెరిగినన్ని పగడాలు ఎక్కడ పెరిగాయి?

మామగారు: ఆ నీళ్ళు ఎక్కడివి?

అల్లుడు: బావిలోంచి తోడే ఉప్పునీళ్ళు.

మామగారు: బావి నీళ్ళంటే నత్రజని, ఫాస్ఫేట్ ఎక్కువే ఉంటాయి, పీహెచ్ తక్కువుంటుంది.

అల్లుడు: ...ఔను. అక్కడే పనిచేసిన బ్రూస్ కార్ల్‌సన్, ఆయన సహచరులు 1995లో రాసింది కూడా అదే. దిబ్బ మీది నీటికంటే పోషకాలు ఎక్కువ, పీహెచ్ తక్కువ ఉన్న నీళ్ళలోనూ పగడాలు బాగా పెరిగాయని.

మామగారు: అంటే శుభ్రతకి పెరగలేదు. మారకుండా ఒకేలా ఉన్న నీటికి పెరిగాయి.

(నాకు ఇది కొంచెం అడ్డగోలు వాదనే అనిపించింది. వైకీకీలో నీరు ఒకేలా ఉన్నది ఆగకుండా మారుతున్నందుకే. కానీ అల్లుడు అప్పటికే అలసిపోయాడు. ఇది చదివి మన ఊళ్ళో పగడాల తొట్టె పెట్టాలని ఎవరికైనా అనిపిస్తే ఒక మాట. మన దేశంలో రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. మన సముద్రంలోంచి తీసి ఇంట్లో పెట్టుకోవడం నేరం.)

అల్లుడు: ఇక సంక్రాంతి సంగతి. మూడు వారాలు ఎవరూ ఉండరు. పక్కింటాయన వారానికోసారి వచ్చి చూస్తానన్నాడు. నేను ఆటోమేటిక్ మార్పిడి పెడదామనుకుంటున్నా. రెండు చిన్న పంపులు. ఒకటి రోజుకి పది లీటర్లు తీస్తుంది, ఇంకొకటి పది లీటర్లు పోస్తుంది. రోజుకి ఒక శాతం.

మామగారు: రెండు పంపులూ సరిగ్గా పదే తోడతాయా? తీసేది పది, పోసేది తొమ్మిదిన్నర అయితే?

అల్లుడు: ఆ అరలీటరు టాప్-అప్ మంచినీళ్ళతో నింపేస్తుంది.

మామగారు: నీటిమట్టం సరిగ్గానే కనబడుతుంది, ఉప్పు రోజూ కొంచెం పోతుంది. ఏడాదికి 35 కాస్తా 33 దగ్గరికి దిగుతుంది. మీటరు సరిచూసే ద్రావణం ఉందా?

అల్లుడు: 35 దగ్గర సరిచూసేది ఉందండీ. నెలకోసారి చూస్తా. మూడు వారాల్లో మటుకు అరపాయింటు కూడా తగ్గదు.

మామగారు: మూడు వారాల్లో పైపు ఊడిపోవచ్చు. మీరు తొమ్మిదివేల మైళ్ళ దూరాన ఉంటారు, కింద చెక్క నేల. మూడు వారాలు మార్చకపోతే ఏమవుతుంది? నైట్రేట్ మహా అయితే 12 పెరుగుతుంది. వచ్చాక చూసుకోవచ్చు. ఊళ్ళో లేనప్పుడు నడిచే యంత్రాలు ఎంత తక్కువుంటే అంత మంచిది.

అల్లుడు: మరి సున్నం? పక్కింటాయన రోజూ వచ్చి 15 గ్రాములు కలపడు. డ్రమ్ములో కలిపి పెట్టి పోవడానికి నాకు ధైర్యం లేదు.

మామగారు: ...అక్కడ మీ సీసాలు పెట్టండి. సోడా, కాల్షియం. మూడు వారాలకి మిగిలే ఉప్పు ఎంత?

అల్లుడు: 440 గ్రాములు. లీటరుకి అర గ్రాము కూడా లేదు.

మామగారు: ఇంట్లో ఉన్నప్పుడు సున్నం, ఊళ్ళో లేనప్పుడు సీసాలు. టాప్-అప్ డ్రమ్ము 70 లీటర్లు, ఏడు రోజులకి సరిపోతుంది. ఆయన వారానికోసారి నింపుతాడు. మేత ఎవరు వేస్తారు?

అల్లుడు: మిషన్. మామూలుగా వేసేదాంట్లో సగం.

మామగారు: ఇంకా తగ్గించండి. చేపలు చిక్కుతాయి కానీ చావవు. ఎక్కువైతే మాత్రం అన్నీ పోతాయి. కరెంటు పోతేనో?

అల్లుడు: 2021 ఫిబ్రవరిలో మంచు తుపానుకి టెక్సస్‌లో లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది. అప్పుడు ఎన్నో తొట్టెలు పోయాయి. ఈసారి రెండు హీటర్లు పెట్టా, ఒకటి ఆగినా ఇంకొకటి ఉంటుంది.

మామగారు: కరెంటే లేకపోతే హీటర్లు రెండయినా పదయినా ఒకటే. టన్ను నీళ్ళు అంత త్వరగా చల్లబడవు, ఆక్సిజన్ మాత్రం గంటల్లో పోతుంది. ఒక్క అలల పంపుకి బ్యాటరీ పెట్టండి. నీటి పైభాగం కదులుతూ ఉంటే చాలు. ఏరేటర్ ఆగితే ఏమవుతుందో చూసినవాణ్ణి చెబుతున్నా.

అల్లుడు: ఇది పెడతానండీ. బయల్దేరే ముందు పంపులన్నీ విప్పి నిమ్మ ఉప్పు నీళ్ళలో నానబెట్టి సున్నపు పొర వదిలించాలి.

మామగారు: బయల్దేరే ముందురోజు కాదు. రెండు వారాల ముందు. విప్పి బిగించినవి నిలబడ్డాయో లేదో మీరుండగానే తెలియాలి. ఆ రెండు వారాల్లో కొత్త చేప, కొత్త పగడం, కొత్త మందు ఏదీ వద్దు.

అల్లుడు: రాశాను. తిరిగొచ్చాక మాత్రం నీళ్ళు వారం వారం మారుస్తా. సున్నం వాడినా సరే.

మామగారు: సున్నం వాడితే నెలకోసారి చాలు. మూడు నెలలు అలా చేసి ల్యాబ్‌కి పంపండి. పొటాషియం, సల్ఫేట్ తగ్గలేదంటే నా మాట. తగ్గితే మీ మాట.

అల్లుడు: పదిహేను రోజులకోసారి.

మామగారు: మీ తొట్టె, మీ ఇష్టం. ప్రతి ఆదివారం రీడింగులు వాట్సాప్‌లో పెట్టండి.

అల్లుడు: నీళ్ళు మార్చకముందువా, మార్చాకవా?

మామగారు: రెండూ పెట్టండి. తేడా నేను చూసుకుంటాను.